దొరికితే దొంగేనా?

ఏడుకొండలవాడి దర్శనానికి వచ్చినవాళ్లు, చదువుకోసం రోజూ తిరిగే పిల్లలు, వేలూరు ఆస్పత్రికి పోయే రోగులు... తిరుపతి, చిత్తూరు జిల్లాల రైళ్లలో టీసీకి పట్టుబడేది ఛార్జీ ఎగ్గొట్టేవాళ్లు మాత్రమే కాదు. జేబులో టికెట్టు ఉండీ జరిమానా కట్టేవాళ్లూ ఉన్నారు. గేటు దగ్గర నిలబెట్టి అడిగితే అందరి మొహాలూ ఒకేలా మాడిపోతాయి. చట్టం మాత్రం అందరినీ ఒకే గాట కట్టడంలేదు.

ముంబయి వైపు నుంచి చెన్నై వెళ్లే రైళ్లు కొన్ని తిరుపతి ఊళ్లోకి రావు. యాత్రికుల్ని రేణిగుంటలో దించేసి తమ దారిన తాము పోతాయి. అక్కణ్నుంచి తిరుపతి పది కిలోమీటర్లే. రాత్రంతా కూర్చుని వచ్చిన కాళ్లు, చంకలో బిడ్డ, చేతిలో సంచులు. అంతలో తిరుపతి వెళ్లే ప్యాసింజరు వచ్చి ఆగుతుంది. 'ఎక్కండి, ఎక్కండి' అంటూ అందరూ ఎక్కేస్తారు. పావుగంటో అరగంటో గడిచాక తిరుపతి స్టేషన్లో దిగి, కొండ కనిపించగానే గోవిందా అనుకుంటూ గేటు దగ్గరికొస్తే... అక్కడ నల్లకోటు!

'ఇదో సార్, టికెట్టు.'

'ఇది రేణిగుంట దాకానే గదమ్మా.'

'అంత దూరం నుంచి కొనుక్కోని వచ్చినాం గద సామీ. ఈ రవ్వంతకి మళ్లీ టికెట్టా?'

మళ్లీ టికెట్టే. ఆర్డినరీ రైలుకి కనీస ఛార్జీ 10 రూపాయలు. ఆ పది కట్టనందుకు అదనంగా 250. మనిషికి 260 చొప్పున నలుగురున్న కుటుంబానికి 1,040 రూపాయలు. ఎక్కింది ఎక్స్‌ప్రెస్ అయితే కనీస ఛార్జీయే 30 రూపాయలు కాబట్టి లెక్క ఇంకాస్త పెరుగుతుంది. కొండమీద ఖర్చులకని దాచుకున్న డబ్బు కొండ ఎక్కకముందే కరిగిపోతుంది. అంతకన్నా బాధ, నలుగురూ చూస్తుండగా పక్కన నిలబెట్టడం. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని సామెత ఉండనే ఉంది!

ఒక్క మంచిపని చేశారు ఆ కుటుంబంవాళ్లు. రేణిగుంట దాకా వచ్చిన టికెట్టుని పారేయలేదు. అదే లేకపోతే ఎక్కడ ఎక్కారన్నది తేలదు. అప్పుడు ఆ రైలు ఎక్కడ బయల్దేరిందో అక్కణ్నుంచీ ఛార్జీ లెక్కగట్టొచ్చు. మధ్యలో టికెట్ల తనిఖీ జరిగి ఉంటే, చివరిసారి తనిఖీ చేసిన చోటు నుంచి. అంటే సికింద్రాబాద్‌లో బయల్దేరిన బండిని రేణిగుంటలో ఎక్కినవాళ్లు, ఆ సంగతి రుజువు చేయలేకపోతే సికింద్రాబాద్ నుంచీ కట్టాల్సి రావచ్చు. సాగనంపడానికి వచ్చి రైలెక్కేసిన వాళ్ల దగ్గర ప్లాట్‌ఫాం టికెట్టున్నా ఉపయోగమే. ప్రయాణానికి అది పనికిరాదు గానీ ఎక్కిన ఊరేదో చెబుతుంది.

జరిమానా కాని జరిమానా

ఇంతకీ ఆ 250 రూపాయలు జరిమానా కాదంటే చాలామంది నమ్మరు. టీసీ ఫైన్ వేశాడనే అంటాం. 1989 నాటి రైల్వే చట్టం దాన్ని అదనపు రుసుము అంటుంది. 138వ సెక్షన్ ప్రకారం టికెట్టు లేనివారు, చూపించలేనివారు, కొన్న తరగతికన్నా పై తరగతిలో కూర్చున్నవారు, కొన్న ఊరు దాటి పోయినవారు కట్టాల్సిన ఛార్జీతోపాటు అంతే మొత్తాన్ని అదనంగా కట్టాలి. ఆ మొత్తం 250 కన్నా తక్కువైతే 250 కట్టాలి. రేణిగుంట కుటుంబం చేసింది ఇదే. డబ్బు కట్టి రశీదు తీసుకుంటే అక్కడితో సరి. వాళ్లమీద కేసూ లేదు, నేరమూ లేదు. ఒక బాకీ ఉంది, తీరిపోయింది.

మోసం సంగతి వేరు. అది 137వ సెక్షన్. రైల్వేను మోసగించాలన్న ఉద్దేశంతో టికెట్టు లేకుండా ఎక్కడం, ఒకసారి వాడేసిన టికెట్టుతో మళ్లీ ప్రయాణం చేయడం దీని కిందికి వస్తాయి. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణమేమీ లేకపోతే జరిమానా 500కు తగ్గకూడదు. ఈ శిక్ష వేయాల్సింది కోర్టు. గేటు దగ్గరుండే టీసీ కాదు. తెలియక ఎక్కినవాడికీ, తెలిసి ఎక్కినవాడికీ మధ్య చట్టం గీసిన గీత ఇది.

ఈ తేడా నిన్నమొన్నటిది కాదు. తెల్లవాళ్ల కాలం నాటి 1890 చట్టంలోనూ మోసానికో సెక్షన్, అదనపు వసూలుకో సెక్షన్ విడివిడిగానే ఉన్నాయి. మారుతూ వచ్చింది సొమ్మే. 1989 చట్టంలో కనీస అదనపు రుసుము 50 రూపాయలు. 2003లో చేసిన సవరణతో అది 250 అయింది. 2004 నుంచి అమల్లోకి వచ్చి ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ రోజుల్లో 250 అంటే కూలి మనిషికి కొన్ని రోజుల సంపాదన. ఇప్పుడంత బరువు లేకపోయినా, పది రూపాయల ప్రయాణానికి ఇరవై అయిదు రెట్లు కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎవరికైనా కడుపు మండుతుంది.

ఎగ్గొట్టేవాళ్లు లేరని కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో 'రైళ్లు ఇప్పుడు మనవే కదా' అని టికెట్టు లేకుండా ఎక్కేయడం ఎంత పెరిగిందంటే, గాంధీజీ ప్రార్థన సభల్లో ఆ అలవాటును తప్పుపట్టాల్సి వచ్చింది. ఇవాళ్టి సంఖ్యలూ తక్కువేం కాదు. టికెట్టు లేకుండానో, సరైన టికెట్టు లేకుండానో 2022-23లో దేశం మొత్తమ్మీద పట్టుబడినవారు 3.6 కోట్ల పైచిలుకు. వాళ్లనుంచి వసూలైంది సుమారు 2,200 కోట్ల రూపాయలు. తలసరి లెక్కేస్తే ఆరువందల చిల్లర. ఈ లెక్కలో ఎగ్గొట్టినవాళ్లూ, పొరపడినవాళ్లూ కలిసే ఉన్నారు.

దర్శనం ఖాయం... బెర్తు?

తిరుపతి రైళ్లలో పొరపాటు ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోవాలి. తితిదే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో విడుదల చేస్తుంది. రైలు రిజర్వేషను మాత్రం 60 రోజుల ముందే మొదలవుతుంది. 2024 అక్టోబరు దాకా ఈ గడువు 120 రోజులుండేది. నవంబరు 1 నుంచి సగానికి తగ్గించారు. అంటే ముందు దేవుడి దగ్గర తేదీ ఖాయమవుతుంది, తర్వాత రైలు వెతుక్కోవాలి. నారాయణాద్రి, వెంకటాద్రి, పద్మావతి, కృష్ణా, రాయలసీమ... పేర్లకేం కొదవలేదు. సెలవులూ, పండగలూ వస్తే అన్నిట్లోనూ వెయిటింగ్ లిస్టే.

దర్శనం తేదీ మారదు. పిల్లలకి పుట్టెంట్రుకలు తీయించే ముహూర్తమూ మారదు. 'టీసీని బతిమాలుకుందాం పదండి' అని స్లీపర్ బోగీ ఎక్కేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆన్‌లైన్లో కొన్న టికెట్టు చార్టు తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతే దానంతటదే రద్దయిపోతుంది. డబ్బు ఖాతాలోకి తిరిగొస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఎక్కినవాళ్లు రైల్వే లెక్కలో టికెట్టు లేనివాళ్లే. స్లీపర్ ఛార్జీ 400 అనుకుంటే మనిషికి ఛార్జీ 400, అదనంగా మరో 400. నలుగురికి 3,200 రూపాయలు. ఇంతా కట్టి బెర్తు దొరుకుతుందా అంటే అదీ లేదు! కౌంటర్లో కొన్న వెయిటింగ్ టికెట్టు అయితే రద్దు చేసుకునేదాకా బతికే ఉంటుంది. దాంతో జనరల్ బోగీలో పోవచ్చు, స్లీపర్లో కుదరదు. ఆర్ఏసీ వచ్చినవాళ్లకు మాత్రం ఈ బెంగ అక్కర్లేదు, కూర్చునే చోటు ఉంటుంది.

బుకింగ్ చేసినవారి ఫోనులో 'డబ్ల్యూఎల్' అన్న రెండక్షరాల తర్వాత ఉన్న అంకె తగ్గుతోందా లేదా అని వారం రోజులు చూస్తారు. అది రద్దయితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చూడరు. యాత్రికులకి ఇన్ని భాషల్లో ఇన్ని సూచనలు వినిపించే స్టేషన్లలో ఈ ఒక్క ముక్కా ఇంకాస్త గట్టిగా చెబితే ఎన్ని కుటుంబాల డబ్బులు మిగిలేవో!

రోజూ తిరిగేవాళ్ల చిక్కులు

యాత్రికుడు ఏడాదికోసారి వస్తాడు. పుత్తూరు, శ్రీకాళహస్తి, పాకాల వైపు నుంచి తిరుపతికి చదువుకీ ఉద్యోగానికీ వచ్చేవాళ్లకి రైలు రోజువారీ వ్యవహారం. కుప్పంవాళ్ల సంగతి మరీను. జిల్లా చిత్తూరే అయినా పని బెంగళూరులో. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెల్లారకముందే లేచి రైలెక్కి, చీకటిపడ్డాక ఇల్లు చేరతారు. నెలవారీ సీజన్ టికెట్టే వాళ్లకి ఆధారం. అది 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు.

అయితే సీజన్ టికెట్టుందికదా అని రిజర్వేషన్ బోగీలో కూర్చుంటే కుదరదు. జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు లేక, పక్కనే స్లీపర్లో ఖాళీ సీటు కనిపిస్తే ఎవరికైనా కాలు అటే లాగుతుంది. తనిఖీ వచ్చిందంటే ఆ సీటు ఖరీదు నెల టికెట్టును మించిపోవచ్చు. గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోయినా తంటానే.

ప్యాసింజరు టికెట్టు కొని, అది ఆలస్యమయ్యేసరికి ముందొచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎక్కేయడం ఇంకో అలవాటు. పాకాల నుంచి తిరుపతికి రావడానికి ఏ రైలైతేనేం అనిపిస్తుంది. తేడా కొద్ది రూపాయలే. కానీ పట్టుబడితే ఆ తేడాకి 250 తోడవుతుంది. పొద్దున్నే కొన్న టికెట్టుతో సాయంత్రం ఎక్కడమూ అంతే. రిజర్వేషను లేని టికెట్టుకి 199 కిలోమీటర్లలోపు ప్రయాణమైతే మూడు గంటలే గడువు. ఆలోపు రైలు లేకపోతే ఆ తర్వాత వచ్చే మొదటి రైలు దాకా చెల్లుతుంది. 2016 మార్చి నుంచి ఉన్న నిబంధనే అయినా, టికెట్టు మీద తేదీ చూసుకున్నట్టు టైము చూసుకునేవాళ్లు తక్కువ.

ఫోన్లో టికెట్టు కొనే సదుపాయం వచ్చాక క్యూ బాధ తగ్గింది. యూటీఎస్ యాప్ 2018 నవంబరుకల్లా దేశమంతటికీ విస్తరించింది. 2025 జులైలో రైల్‌వన్ వచ్చింది. కాకపోతే టీసీని చూశాక కొందామంటే కుదరకుండా, పట్టాల పక్కనా స్టేషన్ లోపలా ఫోన్లో టికెట్టు పుట్టకుండా కట్టడి పెట్టారు. స్నేహితుడి ఫోన్లోంచి స్క్రీన్‌షాట్ తెప్పించుకుంటే అది బొమ్మే, టికెట్టు కాదు.

తనిఖీ చేసేవాళ్ల తెలివీ తక్కువేం కాదు. స్క్వాడ్ పెద్ద స్టేషన్లో రైలెక్కితే ముందున్న స్టేషన్లకి ఫోన్లు వెళ్లిపోతాయి. అందుకే కొన్నిసార్లు బస్సులో బయల్దేరి, ఎవరూ ఊహించని చిన్న స్టేషన్లో ప్రత్యక్షమవుతారు. రైల్వేవాళ్ల భాషలో దీని పేరు 'బస్ రైడ్'. స్టేషన్ దారులన్నీ కోటలా మూసేసి ఒక్కో ప్రయాణికుణ్నీ చూసేది 'ఫోర్ట్రెస్ చెక్'. మేజిస్ట్రేటు కూడా వెంట వస్తే అక్కడికక్కడే విచారణ. అప్పుడిక బాత్రూములో దాక్కున్నా, నిద్ర నటించినా లాభంలేదు.

డబ్బు లేకపోతే...

వేలూరు ఆస్పత్రికి పోయేవాళ్లు దిగేది కాట్పాడిలో. చిత్తూరు నుంచే కాదు, కడప, అనంతపురం వైపు నుంచీ జబ్బుమనిషిని తీసుకుని వస్తారు. తిరుగు ప్రయాణంలో చేతిలో మందుల సంచి తప్ప చిల్లిగవ్వ ఉండని సందర్భాలుంటాయి. అలాంటప్పుడు పట్టుబడితే?

అడిగిన సొమ్ము కట్టకపోతే వ్యవహారం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తుంది. ఆయన దాన్ని జరిమానాలా వసూలు చేయమంటారు. అదీ కట్టలేకపోతే జైలు. పది రోజులకు తగ్గకుండా, నెలకు మించకుండా. 250 రూపాయల బాకీ పది రోజుల జైలుగా మారేది ఇక్కడే. మోసం చేయనివాడు కూడా చేతిలో డబ్బులేనందుకు లోపలికి వెళ్లే దారి ఇదొక్కటీ తెరిచే ఉంది. చట్టం గీసిన గీత పేదవాడి దగ్గరకొచ్చేసరికి చెరిగిపోతోందనిపిస్తే అనిపించొచ్చు.

ఇది మన దగ్గరి సమస్యే కాదు. జర్మనీలో టికెట్టు లేకుండా దొరికితే 60 యూరోలు. పదేపదే దొరికి కోర్టు దాకా వెళ్లి, ఆ జరిమానా కట్టలేక జైలుకెళ్లేవాళ్లలో ఇల్లూవాకిలీ లేనివాళ్లూ ఉంటారు. వాళ్లను జైలుకి పంపే చట్టం 1935లో, హిట్లర్ హయాంలో వచ్చింది. 2021లో ఆర్నే జెమ్స్‌రాట్ అనే పాత్రికేయుడు విరాళాలు పోగుచేసి, అలాంటివాళ్ల జరిమానాలు కట్టి విడిపించడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి టికెట్టు ధరకి తోడు 100 పౌండ్లు. 21 రోజుల్లో కడితే అందులో సగం తగ్గిస్తారు. అక్కడికక్కడే జేబులో లేనివాడికి మూడు వారాల ఊపిరి. మన చట్టంలో అలాంటి గడువేదీ లేదు.

మన చట్టం ఒకచోట మాత్రం మనసున్నట్టు కనిపిస్తుంది. టికెట్టు లేనివాళ్లని రైల్లోంచి దించేసే అధికారం 139వ సెక్షన్ ఇస్తుంది. కానీ మగతోడు లేకుండా ప్రయాణించే స్త్రీనీ, పిల్లల్నీ ఎక్కడపడితే అక్కడ దించకూడదు. ఎక్కిన స్టేషన్, జంక్షన్, రైలు ఆఖరి స్టేషన్, జిల్లా కేంద్రం... వీటిలో ఏదో ఒకచోటే దించాలి. అదీ పగటిపూటే. ఈ లెక్కన రేణిగుంట, పాకాల, కాట్పాడి జంక్షన్లు సరే. చిత్తూరు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతీ జిల్లా కేంద్రమే. వీటి మధ్యలో ఏ చిన్న స్టేషన్లోనో దిగిపొమ్మంటే కాదనే హక్కు ఆమెకుంది. రాత్రిపూటైతే ఈ పెద్ద స్టేషన్లలోనూ దించడానికి లేదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మహిళలకి ఆర్టీసీ బస్సుల్లో చాలావాటిలో ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు ఇస్తారు. రైల్లో ఆధార్ మనిషిని గుర్తుపట్టడానికే. టికెట్టుకి బదులు కాదు.

కాగితం ముక్క విలువ

టికెట్టు అవసరం గేటు దగ్గరితో అయిపోతుందనుకుంటాం. దాని అసలు విలువ ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది. రైల్లోంచి జారిపడి చనిపోతే కుటుంబానికి 8 లక్షల రూపాయల పరిహారం రావాలి. 2017 జనవరి నుంచి ఇస్తున్న మొత్తం ఇది. అయితే ఆ మనిషి సరైన టికెట్టున్న ప్రయాణికుడై ఉండాలి. శవం దగ్గర టికెట్టు దొరకలేదని పరిహారం నిరాకరించిన సందర్భాలున్నాయి. ప్రమాదంలో ఒళ్లే ఛిద్రమైపోతే జేబులో కాగితం ఎక్కడ ఉంటుంది? 2018 మే నెలలో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కును విప్పింది. టికెట్టు దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాడనడానికి వీల్లేదంది. కుటుంబం ప్రమాణపత్రం దాఖలు చేస్తే, కాదని రుజువు చేసే భారం రైల్వే మీద పడుతుంది. అయినా టికెట్టు అసలు కొననే లేదని తేలితే ఆ ఇంటికి ఆ దారీ మూసుకుపోతుంది.

కౌంటర్ దగ్గర చాంతాడంత క్యూ, ప్లాట్‌ఫాం మీద కదలబోతున్న రైలు... అలాంటప్పుడు ఏం చేయాలన్నదీ చట్టంలోనే ఉంది. 55వ సెక్షన్ చూడండి. ఎక్కే ముందే రైల్వే ఉద్యోగికి సంగతి చెప్పి అనుమతి అడగొచ్చు. రైలు చివర్లో ఉండే గార్డు దగ్గరికే చాలామంది పరిగెత్తేవారు. 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. అనుమతిస్తే, ఛార్జీ తర్వాత కడతారన్న షరతుతో ఒక ధ్రువపత్రం ఇస్తారు. అది చేతిలో ఉంటే కట్టాల్సింది ఛార్జీ మాత్రమే. 250 అక్కర్లేదు. టీసీ వచ్చి అడిగాక చెబితే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. రేణిగుంట ప్లాట్‌ఫాం మీద ఆ కుటుంబం ముందుగానే అడిగి ఆ కాగితం సంపాదించుకుని ఉంటే మనిషికి పది రూపాయలతో పోయేది.

కట్టాల్సి వస్తే రశీదు తప్పనిసరిగా తీసుకోవాలి. దాన్ని ఈఎఫ్‌టీ అంటారు. ఎక్కడినుంచి ఎక్కడికి, ఛార్జీ ఎంత, అదనం ఎంత అన్నవి విడివిడిగా రాసి ఉంటాయి. ఆ రశీదే మిగతా దూరానికి టికెట్టు. లెక్క తప్పనిపిస్తే 139కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయడానికీ అదే ఆధారం. రశీదు లేకుండా 'ఓ వందిచ్చి పో' అనేవాడు ఎదురైతే, తిరుపతి దాకా వచ్చేలోపు ఇంకో టీసీ అడిగినప్పుడు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.